డీఎన్ఏ పరీక్షకు ముందు పెద్దరికం ఎవరిదో తేలాలి

సంపాదకులకు నమస్కారం.

డీఎన్ఏ పరీక్షతో పూర్వీకుల గురించి తెలుసుకోవడంపై గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఆ వ్యాసం ఆసక్తి కలిగించేలా ఉంది, చాలామంది చేత కిట్లు కొనిపించేలా కూడా ఉంది. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. ఇంటిల్లిపాదీ తలొక కిట్టు కొనుక్కుని పరీక్ష చేయించుకుంటే వంశవృక్షం దానంతటదే తయారవుతుందన్న అభిప్రాయం వ్యాసంలో ఆద్యంతం కనిపించింది. 2018 నుంచి మా కుటుంబ శాఖలు కొన్నింటికి ఇటువంటి ఉమ్మడి పరీక్షల నిర్వహణ నా నెత్తిన పడింది. మూడు దేశాల్లో ఉన్న ముప్పై ఒక్కమంది నమూనాల చిట్టా నా దగ్గర ఉంది. పరీక్ష చేయించుకోవడం అరగంట పని. దాని పెద్దరికం, అంటే ఆ నమూనాల, ఫలితాల బాధ్యత, మోయడం ఏళ్ల తరబడి సాగే పని. వ్యాసకర్త ఈ రెండో పని ఊసే ఎత్తలేదు.

మాకు ఈ అవసరం ఎందుకు వచ్చిందో ముందు చెబుతాను. మా తాతగారి తండ్రికి ఒక తమ్ముడు ఉండేవాడనీ, పాతికేళ్లు నిండకుండానే ‘నాటాలు ఓడ ఎక్కి పోయాడ’నీ ఇంట్లో చెప్పుకునేవారు. నాటాలంటే దక్షిణాఫ్రికాలోని నేటాల్. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 వరకు లక్షన్నర మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా అక్కడికి వెళ్లారు. వారిలో విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల తెలుగువారు చెప్పుకోదగినంత మంది ఉన్నారు. ఓడల పట్టికల్లో మనిషికొక నంబరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఊరు, ఒంటిమీది గుర్తులు రాసి ఉంటాయి గానీ, తెలుగు చెవి లేని గుమాస్తా రాసిన ఊరి పేరును తిరిగి మన ఊరుగా పోల్చుకోవడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. డర్బన్‌లోని ఒక కుటుంబం తమ ముత్తాత మా ఊరివాడేనేమోనని ఉత్తరం రాసినప్పుడు, కాగితం ఆగిపోయిన చోట రక్తసంబంధాన్ని అడిగి చూద్దామన్న ఆలోచన వచ్చింది.

ఇక్కడ వాడేది ఆటోసోమల్ డీఎన్ఏ పరీక్ష. స్త్రీపురుషులిద్దరిలోనూ ఉండే ఇరవై రెండు జతల క్రోమోజోములను పోల్చి, ఇద్దరు మనుషుల మధ్య ఎంత భాగం ఉమ్మడిగా ఉందో సెంటీమోర్గాన్ అనే కొలతలో చెబుతారు. తల్లిదండ్రులకూ బిడ్డకూ మధ్య సుమారు 3,400, తోబుట్టువుల మధ్య సుమారు 2,600, అన్నదమ్ముల పిల్లల మధ్య సుమారు 870 సెంటీమోర్గాన్లు ఉంటాయి. వారి పిల్లల మధ్య అది సగటున 230కి, ఆ తర్వాతి తరంలో 75 దరిదాపులకు పడిపోతుంది. ఇది గోత్రాన్ని చెప్పదు, ఇంటిపేరును చెప్పదు. వ్యాసంలో గోత్రం ప్రస్తావన ఉన్నందున ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోము పరీక్ష వేరు, దాని లెక్కలు వేరు.

పై అంకెలన్నీ తల్లి వైపు, తండ్రి వైపు ఒకరికొకరు ఏమీ కాని కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. మన ఇళ్లలో మేనరికాలున్నాయి. అక్క కూతురిని చేసుకోవడం, మేనత్త కొడుక్కివ్వడం, కుండమార్పిడి పెళ్లిళ్లు మా ఇంటి పటంలో మూడు తరాల్లో తొమ్మిది తేలాయి. నేను ముప్పై ఏళ్లు గణితం చెప్పిన మనిషిని కనుక ఒక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. ఒకాయన తన అక్క కూతురిని పెళ్లాడాడనుకుందాం. వారి కొడుక్కి ఆ అక్కగారు తల్లి వైపు నుంచి అమ్మమ్మ, తండ్రి వైపు నుంచి మేనత్త. ఏ ఒక్క దారిన చూసినా ఆమెకూ ఆ పిల్లవాడికీ మధ్య సుమారు 1,700 సెంటీమోర్గాన్లు ఉండాలి. రెండు దారులూ కలిసి, ఒకదానిమీద ఒకటి పడిన భాగాన్ని తీసివేస్తే, క్రోమోజోముల పొడవులో నాలుగింట మూడు వంతుల మేర, అంటే 2,600 దాకా వస్తుంది. అది తోబుట్టువుల అంకె. కంప్యూటరు అమ్మమ్మను పట్టుకుని ఆ పిల్లవాడికి అక్క అంటే తప్పు కంప్యూటరుది కాదు. మేనరికం సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. అలాగే కుండమార్పిడిలో, అంటే వీళ్లమ్మాయిని వాళ్లకిచ్చి వాళ్లమ్మాయిని తెచ్చుకున్నప్పుడు, ఆ రెండు జంటల పిల్లలు ఒకరికొకరు మామూలు మేనబావల కంటే రెట్టింపు దగ్గరవుతారు. ఒకే తండ్రికి ఇద్దరు భార్యల వల్ల పుట్టిన పిల్లల మధ్య ఉండేంత డీఎన్ఏ వారి మధ్య ఉంటుంది. ఈ అంకె చూసి, సంగతి తెలియని అమెరికా మనుమడు తాతగారికి రెండో సంసారం ఉందేమోనని అనుమానపడితే ఆశ్చర్యం లేదు. మా ఇంట్లో అది జరిగింది.

దీనికి తోడు, పెళ్లి సంబంధాలు వందల ఏళ్లుగా ఒకే వర్గం లోపలే జరగడం వల్ల, ఏ చుట్టరికమూ లేదనుకున్న వారి మధ్య కూడా చిన్న చిన్న డీఎన్ఏ తునకలు ఉమ్మడిగా కనిపిస్తాయి. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2009లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని బయటపెట్టింది. 2017లో వచ్చిన మరో పరిశోధనలో దక్షిణాసియాకు చెందిన 260కి పైగా సమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాల్లో ఈ ప్రభావం, అందుకు పేరుపడిన ఫిన్లాండ్ ప్రజలలో, అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న) యూదులలో కంటే బలంగా ఉందని తేల్చారు. అందువల్ల పది, పదిహేను సెంటీమోర్గాన్ల తునకను చూసి ‘కొత్త బంధువు దొరికాడు’ అని సంబరపడడం మన విషయంలో తొందరపాటు. మొత్తం ఎంత అన్నదానికంటే అన్నిటికన్నా పొడవైన తునక ఎంత అన్నది చూడాలి. అదే ఊళ్లో, అదే వర్గంలో, మనకు బంధుత్వం తెలియని ఇద్దరు ముగ్గురిని కూడా వారి అంగీకారంతో పరీక్షించి, ఆ ఊరి మామూలు మట్టం ఎంతో ముందు తెలుసుకోవాలి. మేము నలుగురిని అడిగితే ఇద్దరు ఒప్పుకున్నారు.

ఒక విషయంలో మాత్రం మన భాష మనకు మేలు చేసింది. ఈ సంస్థల పటాల్లో పెదనాన్న కొడుకూ, మేనత్త కొడుకూ, పిన్ని కొడుకూ, మేనమామ కొడుకూ అందరూ ‘ఫస్ట్ కజిన్’లే. మా పెద్దత్తకు ఆ పటం చూపిస్తే, ‘అన్నవరసవాణ్ణీ బావవరసవాణ్ణీ ఒకే గాటన కట్టాడేమిట్రా వీడు’ అని విసుక్కుంది. ఆమె అన్నది సరైన మాట. మేనత్త అంటే తండ్రి వైపు, మేనమామ అంటే తల్లి వైపు అని వేరే చెప్పనవసరం లేకుండా వరసలోనే దారి తెలిసిపోతుంది. అందుకని నా చిట్టాలో ప్రతి మనిషి పేరు పక్కనా ఇంగ్లీషు మాట కాకుండా ‘అమ్మ తల్లికి అన్న కొడుకు, మళ్లీ నాన్న మేనత్తకు మనుమడు’ అని ఎన్ని దారులుంటే అన్ని దారులూ తెలుగులో రాసుకున్నాను. తరువాత వచ్చిన చిక్కుల్లో సగం ఈ వరుసల వల్లే విడిపోయాయి.

ఎవరిని పరీక్షించాలన్నది రెండో సంగతి. ఉత్సాహమంతా పిల్లలది, డీఎన్ఏ అంతా ముసలివాళ్లది. తల్లీ తండ్రీ ఇద్దరూ పరీక్ష చేయించుకున్నాక వారి పిల్లల నమూనా వల్ల పూర్వీకుల గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. తల్లిదండ్రులు లేనప్పుడు మాత్రం ఒక బిడ్డలో వారి డీఎన్ఏలో సగం, ఇద్దరిలో కలిపి ముప్పావు వంతు, ముగ్గురిలో కలిపి దాదాపు 87 శాతం దొరుకుతుంది కనుక తోబుట్టువులందరినీ అడగడం మంచిది. మేనరికాలు పెనవేసుకున్న ఇంట్లో అన్నిటికంటే విలువైనది బయటి సంబంధం చేసుకున్న శాఖ. మా కుటుంబంలో ఒకాయన 1950ల్లో పెద్దల మాట కాదని వేరే జిల్లా పిల్లను చేసుకున్నందుకు ఇరవై ఏళ్లు రాకపోకలు లేవు. ఇప్పుడు ఆయన పిల్లల నమూనాలే మాకు కొలబద్దలయ్యాయి, ఎందుకంటే వారిలో కనిపించే మా వైపు డీఎన్ఏ ఒక్క దారినే వచ్చింది.

నమూనా తీసుకోవడం గురించి వ్యాసంలో ఒక్క వాక్యం ఉంది. అది చాలదు. మా పెద్దలలో చాలామంది అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడే నమూనాలిచ్చారు. రక్తపోటు మాత్రలు వేసుకునే వారిలో కొందరికి నోరు ఎండిపోతుంది. గొట్టంలో గీత దాకా ఉమ్మి నింపడానికి ఒకావిడకు ముప్పావు గంట పట్టింది. అటువంటివారికి బుగ్గ లోపల పుల్లతో రుద్ది తీసే పద్ధతి నయం. అరగంట ముందు నుంచీ కాఫీ, వక్కపొడి ఏమీ ఉండకూడదని చెబితే, మా బాబాయిగారు వక్కపొడి తిండి కాదు కదా అన్నారు.

టెక్సాస్‌లోని ఒక భోజనాల బల్ల దగ్గర ఒకే సాయంత్రం బావా బావమరుదుల నమూనాలు తీశారు. వారిద్దరూ పుట్టుకతోనూ మేనత్త, మేనమామ పిల్లలు. నేను ఇక్కడి నుంచి ఫోనులో నంబర్లు చదివించుకుని రాసుకున్నాను. ఆరు వారాలకు ఫలితాలొచ్చాయి. ఇద్దరూ కుటుంబంలో అందరితోనూ పొసిగే అంకెలతోనే సరిపోయారు. ఏడాది తర్వాత బావగారి కొడుకు తానూ పరీక్ష చేయించుకున్నాడు. తండ్రితో అతనికి వచ్చింది 2,000 చిల్లర. మేనమామతో వచ్చింది 3,400. ఆ రాత్రి ఆ తెర ముందు కూర్చున్నది నేనొక్కణ్ణే కావడం ఆ కుటుంబం చేసుకున్న అదృష్టం. ఎవరికీ చెప్పకుండా చిట్టా తీసి చూస్తే, రెండు గొట్టాల నంబర్లూ చివరి రెండంకెలు తప్ప ఒకటే; నేను ఒకరిది ఒకరికి రాసుకున్నాను. ‘నమూనా సరిగా రాలేదట’ అని ఇద్దరి చేతా మళ్లీ తీయించాను. ఆ అబద్ధానికి తర్వాత ఇద్దరికీ క్షమాపణ చెప్పుకున్నాను కూడా. రెండోసారి తండ్రి తండ్రిగానే వచ్చాడు. మేనరికం లేని ఇల్లయితే ఈ తారుమారు మొదటి రోజే పట్టుబడేది. ఇద్దరూ అందరికీ రెండు వైపులా చుట్టాలు కావడం వల్ల ఏడాది పాటు దాగి ఉంది. అప్పటి నుంచి బల్ల మీద ఒకే గొట్టం ఉండాలనీ, దాని మీద పేరు రాసి, నమూనా ఇచ్చిన మనిషితో కలిపి ఫొటో తీసి, కవరు అంటించాకే రెండోది తెరవాలనీ నియమం పెట్టాను.

ఆ రాత్రి చూసినది తారుమారు కాక నిజమే అయి ఉంటే ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు నమూనా తీయకముందే కాగితం మీద ఉండాలి. జన్యు వంశచరిత్రలో పనిచేసేవారు 2015 జనవరిలో ప్రకటించిన ప్రమాణాలు ఇటువంటి ఊహించని ఫలితాలు రావచ్చనీ, అంగీకారం లేనిదే పరీక్ష కూడదనీ, పేరు బయటపడదని ఎవరూ పూర్తి హామీ ఇవ్వలేరనీ స్పష్టంగా చెబుతున్నాయి. వాటిని ముందు పెట్టుకుని నేను ఒక పేజీ అంగీకార పత్రం తెలుగులో రాసుకున్నాను. మీ పేరు ఇతర బంధువులకు కనిపించవచ్చా. ఊహించనిది ఏదైనా తేలితే మీకు చెప్పాలా, వద్దా, మీకు తప్ప ఎవరికీ చెప్పకూడదా. పోలీసుల వెదుకులాటకు మీ నమూనాను అనుమతిస్తారా. మీ తదనంతరం దీనిపై హక్కు ఎవరిది. ఎప్పుడైనా తీసేయమంటే తీసేస్తానన్న నా హామీ. చూపు ఆననివారికి చదివి వినిపించాను. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను చేర్చలేదు. పెద్దత్త అంతా విని, ‘తేలింది ఏదైనా నాకు చెప్పు, నా కోడలికి మాత్రం చెప్పకు’ అని రాయించి వేలిముద్ర కాదు, సంతకమే చేసింది.

దత్తత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన కుటుంబాల్లో దత్తు వెళ్లిన సంగతి రెండు తరాలకే మరుగున పడుతుంది. మా ఇంటిపేరే ఉన్న ఒక శాఖకు మాతో ఒక్క తునకా కలవలేదు. వెదికితే వారి తాతగారు దత్తుడని పాత దస్తావేజులో కనబడింది. ఆ శాఖలో ఒక యువకుడు ‘అయితే మా వాటా భూమికేమైనా ఇబ్బందా’ అని ఆందోళనగా ఫోను చేశాడు. చట్టప్రకారం జరిగిన దత్తత చెల్లుబాటు రక్తం మీద ఆధారపడదని చెప్పినా, న్యాయవాదిని కలిసి వచ్చేదాకా అతనికి నిద్ర పట్టలేదు. సరదాగా మొదలుపెట్టిన పరీక్ష ఒక ఇంట్లో తెచ్చిన కలత అది.

ఇక భద్రత. 2023లో డీఎన్ఏ పరీక్షలు చేసే ట్వంటీత్రీ అండ్ మీ సంస్థలో దొంగలు నేరుగా తెరిచిన ఖాతాలు సుమారు 14 వేలు. ఇతర చోట్ల వాడిన పాస్‌వర్డ్‌నే ఇక్కడా వాడినవారివి అవి. కానీ బంధువులను చూపించే సదుపాయం ద్వారా వారు 69 లక్షల మంది వివరాలు తోడుకున్నారు. మన ఇంట్లో ఒకరి నిర్లక్ష్యం అందరిదీ అవుతుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. అదే సంస్థ 2025 మార్చిలో దివాలా రక్షణ కోరి, తర్వాత దాని వ్యవస్థాపకురాలి ఆధ్వర్యంలోని లాభాపేక్ష లేని సంస్థ చేతికి వెళ్లింది. 2018 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా పోలీసులు ఎవరైనా తమ డీఎన్ఏ ఫలితాలను చేర్చి పోల్చుకునే జెడ్‌మ్యాచ్ అనే ఉమ్మడి వేదికలో దూరపు బంధువుల ద్వారా ఒక పాత హంతకుణ్ణి పట్టుకున్నప్పటి నుంచి పోలీసుల ప్రశ్న కూడా కుటుంబాలను వెంటాడుతోంది. హంతకుణ్ణి పట్టుకోవడం మంచిదే. అయితే అందుకు అనుమతి ఇవ్వవలసినది నమూనా ఇచ్చిన మనిషి, చిట్టా రాసుకునే నేను కాదు. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఒక వ్యక్తి తన సొంత లేదా ఇంటి అవసరానికి చేసుకునే పనికి వర్తించదని చెబుతోంది. సంస్థను ప్రశ్నించడానికి చట్టం ఉండవచ్చు గానీ, బంధువుల డీఎన్ఏను తన కంప్యూటరులో పెట్టుకున్న నాబోటివాణ్ణి అడిగేది ఆ ఒక పేజీ అంగీకార పత్రమే.

డర్బన్ సంగతి ఏమయిందని పాఠకులు అడగవచ్చు. ఓడ ఎక్కినాయన మనుమరాలు ఎనభై రెండేళ్ల వయసులో అక్కడా, ఆయన అన్నగారి మనుమరాలైన మా పెద్దత్త ఇక్కడా బతికి ఉండడం మా అదృష్టం. వారు నిజంగా అన్నదమ్ముల మనుమరాళ్లయితే సగటున 230 రావాలి. ఆ వరసవారి మధ్య ఏమీ కలవకపోవడమన్నది ఉండదు. వచ్చింది 96, అందులో అన్నిటికన్నా పొడవైన తునక 38. మా ఊరి మామూలు మట్టం కంటే అది చాలా ఎక్కువ కనుక బంధుత్వం ఉంది. కానీ 96 అనేది అన్నదమ్ముల మనుమలకు తక్కువ వైపు పడే అంకె. ఓడ ఎక్కింది సొంత తమ్ముడా, పినతండ్రి కొడుకా అన్నది దీనితో తేలలేదు. డర్బన్ వారు ‘అన్నదమ్ములే’ అని పటం గీసి పంపమన్నారు. నేను ఇద్దరి మధ్యా చుక్కల గీత గీసి పంపాను. వారికి కొంత నిరాశ కలిగింది. పెద్దత్త మాత్రం ఫోనులో ఆవిణ్ణి ‘చెల్లీ’ అనే పిలుస్తోంది. పినతండ్రి కొడుకైనా వరస మారదు కదా అని ఆవిడ వాదన.

నాకు డెబ్బై ఒకటి. చిట్టా నకలు, అంగీకార పత్రాలు, ఖాతాల వివరాలున్న అంటించిన కవరు హైదరాబాదులో ఉన్న మా తమ్ముడి కూతురికి ఈ సంక్రాంతికి అప్పగించాను. ముప్పై ఒక్కమందికీ ఆ సంగతి తెలియజేసి, ఇష్టం లేనివారు తప్పుకోవచ్చని రాశాను. ఇద్దరు తప్పుకున్నారు, వారి నమూనాలను తొలగించమని అదే రోజు సంస్థకు రాశాను. మీ అనుబంధంలో ఈ విషయం మీద మరో వ్యాసం వేసే ఉద్దేశం ఉంటే, మా అంగీకార పత్రాన్ని పేర్లు లేకుండా పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపన్యాసకుడు,
కాకినాడ.